అసలు ఫైలు ఏది మేడమ్?

కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్‌కు ఏటా పంపే నివేదిక తయారవుతున్నన్నాళ్లూ మా స్టాఫ్ రూములో ఒకటే ప్రశ్న: "అసలు ఫైలు ఏది మేడమ్?" కాలేజీలో ఆ పని చూసే ఐక్యూఏసీకి కోఆర్డినేటర్ని కాబట్టి జవాబు చెప్పాల్సింది నేనే. నివేదికలో ఏడు క్రైటీరియాలు, ఒక్కోదానికి ఒక ఇన్‌చార్జి. బోటనీ సార్ పెన్‌డ్రైవులో ఒక కాపీ, కామర్స్ మేడమ్ మెయిల్లో ఇంకొకటి, వాట్సాప్ గ్రూపులో "ఫైనల్", "ఫైనల్ న్యూ", "దిస్ ఓన్లీ ఫైనల్". పాసైనవాళ్ల సంఖ్య ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటే, పరీక్షల విభాగానికి పరుగు.

ఇప్పుడు ఫైలు ఒక్కటే. అది ఉండేది సర్వరులో. మా చేతుల్లో ఉన్నది దాని లింకు మాత్రమే. లైబ్రేరియన్ గారు పై అంతస్తులో కూర్చుని పుస్తకాల ఖర్చు కొడుతుంటే, ఆ అంకెలు నా తెరమీద గడిగడిగా నిండుతుంటాయి.

మరి ఇద్దరూ ఒకే వాక్యంలో వేలు పెడితే? నేను వాక్యం మొదట్లో ఐదక్షరాల మాట చేర్చాననుకోండి. అదే క్షణంలో ఫిజిక్స్ సార్ ఇరవయ్యో అక్షరం కొట్టేశారు. నా మాట చేరాక ఆ అక్షరం ఇరవై ఐదో చోటికి జరిగిపోయింది కదా! సర్వరు ఆ లెక్క వేసుకుని, ఆయన తీయాలనుకున్న అక్షరాన్నే తీస్తుంది. ఎల్లిస్, గిబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1989లోనే ఈ పద్ధతిని ప్రతిపాదించారు. పేరు 'ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్'. గూగుల్ డాక్స్‌లో అవతలివాళ్లు కొడుతున్న ప్రతి అక్షరమూ మనకు కనబడటం మాత్రం 2010లో మొదలైంది. గడుల షీట్‌లో ఒక గడి లోపల ఈ సర్దుబాటు కుదరదు. ఒకే గడిని ఇద్దరు నింపితే, చివర చేరిన అంకే నిలుస్తుంది. అందుకే ఏ డిపార్ట్‌మెంటు వరుసల్ని ఆ డిపార్ట్‌మెంటువాళ్లు తప్ప వేరెవరూ తాకకుండా తాళం వేశాను.

లింకు విషయంలో నేను మొండిదాన్నే. 'లింకున్న ఎవరైనా చూడొచ్చు' అని పెట్టి గ్రూపులో పడేస్తే, పిల్లల ఫోన్ నంబర్లు, కులం వివరాలు ఎవరి చేతికి పోతాయో చెప్పలేం. కాలేజీ మెయిల్ ఐడీలకు మాత్రమే అనుమతి ఇస్తాను, అదీ పనిని బట్టి: కొందరికి చూడటానికి, కొందరికి కామెంట్‌కు, కొందరికే మార్చడానికి. ఇన్‌చార్జి మారితే పాత అనుమతి అదే రోజు తీసేస్తాను.

పెద్దవాళ్ల ఇంగ్లీషు దిద్దడం ఎప్పుడూ కత్తి మీద సామే. సజెషన్ మోడ్ వచ్చాక నయం. నా దిద్దుబాటు రంగులో పక్కన నిలబడుతుంది. ఒప్పుకోవడమా, కొట్టేయడమా రాసినవాళ్ల ఇష్టం. ఎక్కువసార్లు ఒప్పుకుంటారు, కిమ్మనకుండా.

అసలు విశేషం హిస్టరీలో ఉంది. ఏ అంకె ఎవరు ఎప్పుడు మార్చారో అది దాచదు. రెండో క్రైటీరియాకు కాగితం మీద ఇన్‌చార్జి ఒక సీనియర్ సార్. హిస్టరీ తెరిస్తే ముప్పాతిక గడుల్లో మా గెస్ట్ లెక్చరర్ అమ్మాయి పేరు, అదీ రాత్రి పదకొండు దాటాక. "అమ్మా, నాది కూడా కాస్త ఎక్కించు" అన్న మాటకు ఇదివరకు సాక్ష్యం ఉండేది కాదు. ప్రిన్సిపాల్ గారు ఈసారి ఇన్‌చార్జిల జాబితా అడిగినప్పుడు ఆ పేజీ చూపించి, ఆ అమ్మాయి పేరే రాయించాను. గంటల లెక్కన వచ్చే ఆమె జీతంలో ఈ పనికి గంటలెన్ని అన్నది ఇంకా తేలలేదు.