వంగమొక్కలో దర్జీ

ఆదవాని యనగా ప్రత్తియు, ఎమ్మిగనూరనగా మగ్గమును జ్ఞప్తికి వచ్చును. ఆ రెండును మా పెరటి వంగమొక్కలో ఒక్కచోటనే కంటిని.

నిరుడు శ్రావణమున పురుగుమందు చల్లబోవుచు, రెండాకులు అంచులు కలిసియుండుట చూచితిని. పురుగు పని యని త్రెంపబోయి, ఏలనో లోపల చూడగా ప్రత్తి పరుపు, మూడు గ్రుడ్లు! దీని ఆంగ్లనామమునకు దర్జీపిట్ట యని అర్థము. బొటనవ్రేలంత యుండును; వీపు ఆకుపచ్చన, నెత్తి తుప్పురంగు, తోక సదా నిక్కియుండును. ముక్కుతో ఆకు అంచున కన్నములు పొడిచి, ప్రత్తిపోగును, సాలెపట్టును దూర్చి బిగించును. 1938లోనే సహకార సంఘము నేర్పరచుకొన్న ఎమ్మిగనూరు నేతగాండ్రలో నొకరికి చూపగా, "ముడి లేకయే నిలిపినదే!" యని నివ్వెరపోయెను.

మందు కొట్టములో పెట్టితిని. "ఊరందరికి మందు చెప్పు మీరేనా?" యని మా యిల్లాలు నవ్వినది. తొమ్మిదవనాడు పిల్లలు వెలువడెను. తల్లిదండ్రులు రెండును పచ్చపురుగులు తెచ్చుట లెక్కింపబూని గంటలోపుననే లెక్క తప్పితిని. అయినను మొవ్వును, కాయను తొలుచు పురుగు వానికి చిక్కలేదు. వాడిన మొవ్వులను నేనే త్రుంచి కాల్చితిని.

సభ్యులారా, ఆకులు అతుకుకొని కనబడిన అంచు చూడుడు. కన్నముల వరుస యున్న అది పిట్ట గూడు.

రెండు వారములకు రెండు పిల్లలెగిరెను. మూడవది పిల్లిపాలయ్యెను. నేను మాటిమాటికి పోవుటచే గడ్డిలో త్రోవ పడెను. పిల్లి ఆ త్రోవనే వచ్చెను. ఈ యేడు అరుగుమీదనుండియే చూచుచున్నాను.