ప్రజల సార్వభౌమత్వం - హైదరాబాదు అనుభవం

మన రాజ్యాంగ ప్రస్తావన ప్రజల పేరుతో మొదలవుతుంది. రాజ్యాధికారానికి మూలం ప్రజలేనని దాని భావం. ఇది వినగానే కొందరు ముస్లిం సోదరులకు ఒక శంక కలుగుతుంది: సార్వభౌమత్వం అల్లాహ్‌దేనని విశ్వసించేవాడు దీన్ని ఎలా అంగీకరించాలి? శంక సహజమే. అయితే రాజ్యాంగం అసలు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నదో ముందుగా గ్రహించాలి. అందుకు మన జంటనగరాల చరిత్రే చాలు.

ఇక్కడ సార్వభౌముడు నిజాం ప్రభువేనని అందరూ అనుకునేవారు. కాని హుస్సేన్ సాగర్‌కు ఇవతల, సికింద్రాబాదు కంటోన్మెంటులో బ్రిటిషు సైన్యం ఉండేది. బేరారును తిరిగి ఇమ్మని నిజాం కోరినప్పుడు, దేశంలో సార్వభౌమత్వం బ్రిటిషు చక్రవర్తిదేనని వైస్రాయి లార్డ్ రీడింగ్ 1926లో కరాఖండిగా జవాబు వ్రాశాడు.

బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలోని మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వాదం వేరు. ‘అనల్ మాలిక్’, అంటే నేనే ప్రభువును అన్నది దాని నినాదం. సార్వభౌమత్వం ఇక్కడి ముస్లిం సముదాయానిది, నిజాం సింహాసనం దానికి చిహ్నం మాత్రమే అని తాత్పర్యం. బహదూర్ యార్ జంగ్ మహావక్త, సందేహం లేదు. కాని ‘మాలిక్’ అనే నామం ఎవరిదో మదర్సా పిల్లవాడికి కూడా తెలుసు! పైగా జనాభాలో అత్యధిక సంఖ్యాకులైన ఇతరులకు ఆ నినాదంలో చోటే లేదు.

1948 సెప్టెంబరులో ఈ వాదాలన్నీ కూలిపోయాయి. సైనిక చర్య వెన్నంటి జరిగిన హింసలో వేలాది ముస్లిములు హతులయ్యారు. ‘ప్రజలు’ అనే మాట వారి కుటుంబాలకు గాయంతో పాటే వచ్చిందన్నది దాచవలసిన విషయం కాదు. రాజ్యాంగ సభలో హైదరాబాదుకు ప్రతినిధులు కూడా లేరు. 1949 నవంబరులో రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా వెలువరించింది నిజామే. ప్రజలే మూలమన్న సిద్ధాంతం రాజు ఫర్మానాతో రావడం విచిత్రం. ఇక్కడి ప్రజలు స్వయంగా పలికింది వయోజన ఓటుతో 175 స్థానాల శాసనసభను ఎన్నుకున్న 1952లోనే.

ఇక మొదటి శంక. ప్రస్తావనలో దేవుని పేరు చేర్చాలని 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్ ప్రతిపాదించగా 41 మంది అనుకూలంగా, 68 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. వ్యతిరేకించినవారందరూ నాస్తికులు కారు. ఇది విశ్వాస విషయంలో బలవంతం అవుతుందని పట్టం థాను పిళ్లె అభ్యంతరం చెప్పారు. అల్ బఖరా 256వ ఆయతు ఎరిగిన పాఠకులకు ఈ మాట పరాయిదిగా తోచదు. సృష్టికి అధిపతి ఎవరన్న ప్రశ్న జోలికి రాజ్యాంగం పోలేదు. పుట్టుక వల్ల మనిషికి సాటి మనిషిపై ప్రభుత్వం చేసే హక్కు ఉన్నదా అన్నదే దాని ప్రశ్న. లేదన్నదే జవాబు. పాకిస్తాన్ 1949 మార్చిలో చేసిన ధ్యేయాల తీర్మానం సార్వభౌమత్వం అల్లాహ్‌దేనని ప్రకటించింది. అయినా అధికారాన్ని చెలాయించేది ప్రజాప్రతినిధులే అన్నది. 1958లో అక్కడ సైనిక పాలన రాకుండా ఆ ప్రకటన ఆపలేకపోయింది.

అయితే అధికసంఖ్యాకులు ప్రజల పేరిట ఏమైనా చేయవచ్చునా? ఈ భయం మాత్రం నిజమైనదే. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు 7-6 తేడాతో తీర్పు చెబుతూ, పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించగలదు గాని దాని మౌలిక స్వరూపాన్ని చెరపజాలదన్నది. ప్రధాన న్యాయమూర్తి సిక్రీ ఆ స్వరూపంలో లౌకికత్వాన్ని కూడా లెక్కించారు.