తలలో నీరు చేరిన బిడ్డకు గొట్టం తప్పదా?

"బిడ్డ తల రోజురోజుకూ పెద్దదవుతోంది సిస్టరమ్మా" అని వచ్చే తల్లులు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఇదే: "గొట్టం వేయకుండా బాగుచేయలేరా?"

పుట్టిన మొదటి నెలలో క్రిములు రక్తంలో చేరి మెదడు పొరలకు పాకితే మెనింజైటిస్ వస్తుంది. మందులతో క్రిములు చచ్చినా, కొందరు పిల్లల్లో మెదడులోని నీరు బయటికి పోయే దారి పూడుకుపోతుంది. నీరు లోపలే నిలిచి తల పెరుగుతుంది. దీనినే హైడ్రోసెఫలస్ అంటారు. చాలాకాలంగా ఉన్న చికిత్స షంట్, అనగా మెదడు నుండి చర్మం కిందుగా పొట్టలోకి వేసే సన్నని గొట్టం. అది ప్రాణం నిలుపుతుంది. కానీ ఎప్పుడైనా మూసుకుపోవచ్చు, అప్పుడు వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

ఆఫ్రికాలోని ఉగాండాలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అక్కడ ఎంబాలే పట్టణంలోని క్యూర్ మిషన్ పిల్లల ఆసుపత్రిలో 2000 దశకంలో పనిచేసిన అమెరికా డాక్టరు బెంజమిన్ వార్ఫ్, తన వద్దకు వచ్చే ఇలాంటి పిల్లల్లో సగానికి పైగా ఇన్ఫెక్షన్ వల్లే జబ్బుపడ్డారని గమనించారు. దూరపు పల్లెలో షంట్ మూసుకుపోతే బిడ్డ దక్కడం కష్టం. అందుకని ఆయన మాడు దగ్గర చిన్న కోత పెట్టి, సన్నని ఎండోస్కోపు పంపి, మెదడు గది అడుగున రంధ్రం చేసి నీటికి కొత్త దారి ఇచ్చారు. నీటిని ఊరించే కణజాలాన్ని కూడా కొంత కాల్చివేశారు. గొట్టం లోపల ఉంచే పని లేదు.

అయితే ఉన్నమాట చెప్పాలి. అదే ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ వల్ల తలలో నీరు చేరిన 100 మంది పసివారిపై ఈ రెండు పద్ధతులనూ పోల్చిన ఫలితాలు 2017లో వచ్చాయి. ఏడాది తరువాత పిల్లల తెలివితేటల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొందరికి కొత్త దారీ మూసుకుపోయి మళ్లీ ఆపరేషన్ కావలసి వచ్చింది. ఇన్ఫెక్షన్ అప్పటికే చేసిన నష్టాన్ని ఏ ఆపరేషనూ తిరిగి ఇవ్వలేదు. తల్లి ముఖం చూస్తూ ఈ మాట చెప్పడం మాకు ఇన్నేళ్లకూ అలవాటు కాలేదు.

మన దేశంలోనూ కొన్ని పెద్దాసుపత్రుల్లో ఎండోస్కోపు ఆపరేషన్ చేస్తున్నారు. ఏ బిడ్డకు ఏది తగునో న్యూరోసర్జన్ స్కాన్ చూసి చెబుతారు.

నెలలోపు బిడ్డకు జ్వరమే రానక్కరలేదు. పాలు వదిలేసినా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, మాడు ఉబ్బినా, ఆ రాత్రే తీసుకురండి. టీకాకు వచ్చినప్పుడు మేము టేపుతో తల కొలుస్తాము. "దిష్టి తగులుతుంది" అని అమ్మమ్మలు అడ్డుపడతారు, దయచేసి కొలవనివ్వండి. మొదటి మూడు నెలలు నెలకు సుమారు 2 సెంటీమీటర్లు పెరగడం మామూలే. అంతకన్నా వేగంగా పెరిగితే మాడు మీద నుండే అల్ట్రాసౌండ్ తీయవచ్చు. మత్తు అక్కరలేదు, బిడ్డ మీ ఒడిలోనే ఉండవచ్చు.