జముకు పలికిన ధిక్కారం

1970వ దశకం మధ్యలో న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ తలెత్తిన పంక్ సంగీతం, రాక్ సంగీతం నుంచే చీలి వచ్చినా, రాక్ బృందాలు అప్పటికి అలవరచుకున్న వాద్య పాండిత్యాన్నీ, ఖరీదైన హంగులనూ తోసిపుచ్చి, గిటారు మీద మూడు కార్డులు, అంటే కలిపి ఒకేసారి మీటే స్వరాల గుంపులు మూడు, చేతనైతే చాలు ఎవరైనా బృందం కట్టవచ్చునని ప్రకటించింది. 1976 నవంబరులో లండన్ పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ తొలి రికార్డు వెలువడేనాటికి బ్రిటన్‌లో నిరుద్యోగం పెరుగుతోంది. సంగీత కంపెనీల ఆదరణ కోసం ఎదురుచూడకుండా పాటను తామే కట్టుకుని, తామే రికార్డు చేసుకుని, చేతిరాతతో, కత్తిరింపులతో చిన్న పత్రికలు తామే అచ్చువేసుకునే ఈ పద్ధతే పంక్‌కు ప్రాణమయింది. చిరిగిన దుస్తులు, నిక్కబొడిచిన జుట్టు దాని పై వేషం మాత్రమే.

ఆ పద్ధతి పేద దేశాల యువతకు తొందరగా పట్టుబడటంలో ఆశ్చర్యం లేదు. పెరూ రాజధాని లీమాలో లాస్ సైకోస్ అనే బృందం 1965 నాటికే, పంక్ అన్న పేరు పుట్టకముందే, అలాంటి అరుపుల పాట పాడింది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష చట్టాలు అమలులో ఉన్న 1979లో నల్లవారు, తెల్లవారు కలిసి నేషనల్ వేక్ బృందాన్ని నడిపారు. ఇండోనేషియాలోని ఆచె రాష్ట్రంలో 2011 డిసెంబరులో ఒక కచేరీకి వచ్చిన అరవై మందికి పైగా పంక్ యువతీ యువకులను పోలీసులు పట్టుకుని, అబ్బాయిలకు గుండ్లు గీయించి, చెరువు నీళ్ళలో ముంచి, నడవడి దిద్దుతామంటూ పోలీసు శిక్షణ కేంద్రంలో ఉంచారు. వారు చేసిన నేరమేమిటో చెప్పగల చట్టం లేదు. ఎదురు చెప్పే యువత రూపమే పాలకులకు కంటగింపయింది.

ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు గిటారు పంక్ రాలేదు. అయితే పంక్‌కు ప్రాణమైన ఆ పద్ధతి లండన్ కంటే ఎంతో ముందుగానే ఇక్కడ జముకు మీద పలికింది. జముకు అంటే ఒకవైపు తోలు మూసిన, గుండ్రటి డొల్ల వాద్యం. తోలు నడుమ నుంచి వచ్చిన తీగ రెండో కొసకు చిన్న కర్ర ఉంటుంది. వాద్యాన్ని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో ఆ కర్రను లాగి పట్టి, మరో చేత్తో తీగను మీటితే, బిగింపును బట్టి స్వరం హెచ్చుతూ తగ్గుతూ గొంతులోంచి వచ్చినట్టు మోగుతుంది. కరెంటు అక్కరలేదు, పాఠశాల అక్కరలేదు. పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి, దేవతల కథలూ వీరుల కథలూ చెప్పుకునే జముకుల కథ బాణీని తీసుకుని, అందులో భూస్వామి, వడ్డీ వ్యాపారి, అడవిలోని గిరిజనుడు పాత్రలుగా కొత్త కథ కట్టి ఊరూరా పాడాడు. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపిన తరువాత శ్రీకాకుళ గిరిజన ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. 1969 డిసెంబరులో పాణిగ్రాహి కాల్పుల్లో మరణించాడు. ఆ పోరాటం రెండు వైపులా తీసిన ప్రాణాలను మరచి దాని పాటను మాత్రమే పొగడటం న్యాయం కాదు.

అదే కాలంలో పట్నాల యువత కూడా ఇలాగే తెగించింది. 1965లో హైదరాబాదులో దిగంబర కవులు ఆరుగురు సొంత పేర్లు వదిలి నగ్నముని, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని కొత్త పేర్లు పెట్టుకుని, తొలి సంపుటిని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1968లో మూడో సంపుటిని విశాఖపట్నంలో ఒక యాచకురాలు ఆవిష్కరించింది. 1970లో అదే విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభల సమయాన విద్యార్థులు ‘రచయితలారా, మీరెటువైపు?’ అని అడుగుతూ పంచిన కరపత్రం, ఆ ఏడాది జూలైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడటానికి దారితీసిన కారణాలలో ఒకటి.

పాణిగ్రాహి తరువాత ఆ పాటకు అందరికంటే ఎక్కువ ఊపిరి పోసినవాడు పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసిన ఈ మనిషి, 1972లో మొదలైన విప్లవ కళాబృందం జననాట్యమండలిలో గాయకుడు గద్దర్‌తో కలిసి, కాళ్ళకు గజ్జెలు కట్టి, ఉత్తరాంధ్ర పల్లెల యాసను మెరుగులు దిద్దకుండానే వేదిక ఎక్కించాడు. విజయనగరంలో 1919 నుంచీ మహారాజా సంగీత కళాశాల నడుస్తూ ఉండగా, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు వంటి విద్వాంసుల పేరు ఆ ఊరిని వెలిగిస్తూ ఉండగా, శ్రుతి శుద్ధి కంటే మాట వాడిని నమ్ముకున్న ఈ పాట అదే నేల మీద, అంతే బలంగా నిలబడగలిగింది. వంగపండు 2020 ఆగస్టు 4న కన్నుమూశాడు.

పోలికకు హద్దులున్నాయి. పంక్ యువకుడు తల్లిదండ్రుల సంగీతాన్ని కాదన్నాడు; ఇక్కడి గాయకుడు తాతల బాణీనే ఆయుధం చేసుకున్నాడు. పంక్ ఏ పార్టీ మాటా వినలేదు. ఇక్కడి పాట విప్లవ కమ్యూనిస్టు పార్టీకి కట్టుబడింది, పార్టీ చీలినప్పుడల్లా తానూ చీలింది, అదే దాని పెద్ద నష్టం. ఇక సినిమా విషయానికొస్తే, వంగపండు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ పాట 1986లో ‘అర్ధరాత్రి స్వాతంత్ర్యం’ చిత్రంతో రాష్ట్రమంతా పాకింది. 2020 నాటి ‘పలాస 1978’ దళిత జానపద కళాకారుల అవమానాన్నే కథగా చేసుకుంది. ఆ తరువాత యూట్యూబులో వెల్లువెత్తిన ఉత్తరాంధ్ర జానపదాలలో ఎక్కువ భాగం బాణీని ఉంచుకుని ప్రశ్నను వదిలేశాయి.

ప్రశ్నలకు మాత్రం కొదవ లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో మూత్రపిండాల జబ్బు ఇంటింటినీ తినేస్తోంది. శ్రీకాకుళం తీరపు మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా కూలికి వెళ్ళి, 2018లో జరిగినట్టు, పాకిస్తాన్ జైళ్ళలో పడుతున్నారు. చేతిలో ఫోను, అందులోనే రికార్డింగు, పంపకం రెండూ ఉన్న నేటి ఉత్తరాంధ్ర యువతీ యువకులు, తమ ఊళ్ళలో ఇంకా మిగిలి ఉన్న జముకు, తప్పెటగుళ్ళ కళాకారుల దగ్గర ఆ బాణీలు నేర్చుకుని, ఏ కంపెనీ అనుమతికీ, ఏ పార్టీ ఆదేశానికీ ఆగకుండా, ఈ కష్టాల మీద సొంత పాట కట్టాలి.