అబ్బాయి చొక్కా విప్పనంటున్నాడా?

ఎండాకాలం. ఇంట్లో అందరూ ఉక్కపోతతో అల్లాడుతుంటే పద్నాలుగేళ్ల అబ్బాయి మాత్రం బనియను మీద చొక్కా వేసుకునే తిరుగుతుంటాడు. ఈతకి రమ్మంటే రాడు. ఆటల పీరియడంటే కడుపునొప్పి అంటాడు. "ఏమైందిరా నాన్నా?" అని అమ్మ గుచ్చిగుచ్చి అడిగితే చివరికి కళ్లనీళ్లతో చెబుతాడు. "ఛాతీ ఆడపిల్లలకిలా పెరుగుతోందమ్మా. క్లాసులో అందరూ ఏడిపిస్తున్నారు."

అప్పుడు తల్లి కంగారు పడకూడదు. నవ్వి తీసిపారేయనూ కూడదు. డాక్టర్లు దీన్ని గైనకోమాస్టియా అంటారు. ఎదిగే వయసు మగపిల్లల్లో దాదాపు సగం మందికి ఎంతోకొంత కనిపించేదే. ఎక్కువమందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు దానంతట అదే తగ్గిపోతుంది.

ఎందుకిలా?

మగవాళ్ల ఒంట్లోనూ ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను కొద్దిగా ఉంటుంది. ఈ వయసులో పురుష హార్మోనుతో దాని సమతూకం కొన్నాళ్లు తప్పుతుంది. దాంతో చనుమొన కింద చిన్న బిళ్లలా గ్రంథి పెరుగుతుంది. ముట్టుకుంటే నొప్పిగా ఉండొచ్చు. లావుగా ఉన్న పిల్లల్లో ఒట్టి కొవ్వు కూడా అలాగే కనిపిస్తుంది. అది బరువు తగ్గితే చాలావరకు తగ్గుతుంది. ఏది ఏమిటో డాక్టరు చేత్తో పరీక్షించి చెబుతారు.

పెద్దవాళ్లలో అయితే కాలేయ జబ్బు, మద్యం, థైరాయిడ్ ఎక్కువ కావడం, కండల కోసం తీసుకునే స్టెరాయిడ్లు, స్పైరోనోలాక్టోన్ వంటి కొన్ని మందులు కారణం కావచ్చు. మందు మీద అనుమానముంటే డాక్టరుకి చెప్పండి, సొంతంగా మానిపించకండి.

చికిత్స ఏమిటి?

పిల్లల్లో మొదటి మందు ఓపికే. కొన్ని నెలలకోసారి డాక్టరుకి చూపిస్తే చాలు. నొప్పి ఎక్కువగా ఉంటే, సమస్య కొత్తగా మొదలైందైతే, టామాక్సిఫెన్ మాత్రలు కొందరికి పనిచేస్తాయి. ఏడాది దాటాక గ్రంథి పీచులా గట్టిపడి మందులకి అంతగా లొంగదు.

రెండేళ్లయినా తగ్గక, పిల్లాడు మనసులో కుంగిపోతుంటే ఆపరేషన్ ఉంది. సాధారణంగా ఎదుగుదల పూర్తయ్యాక చేస్తారు. చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం అంచున చిన్న కోత పెట్టి గ్రంథిని తీసేస్తారు. కొవ్వుంటే సన్నని గొట్టంతో లాగేస్తారు. దీన్నే లైపోసక్షన్ అంటారు. తర్వాత కొన్ని వారాలు బిగుతు బనియను వేసుకోవాలి. మచ్చ మిగలడం, రక్తం చేరి వాచడం, స్పర్శ తగ్గడం వంటి ఇబ్బందులు రావచ్చు. వాటి గురించి ముందే అడిగి తెలుసుకోండి.

పసర్లు, మర్దనాలు, గుడ్డతో బిగించి కట్టడం వద్దు.

ఆలస్యం చేయొద్దు!

ఒకవైపే గట్టి గడ్డ, చనుమొన నుంచి రక్తం, చర్మం లోపలికి లాక్కుపోవడం, వృషణంలో గడ్డ కనిపిస్తే వెంటనే చూపించాలి. మగవాళ్లకీ అరుదుగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. యుక్తవయసు లక్షణాలు మొదలుకాకముందే చిన్నపిల్లాడికి ఛాతీ పెరుగుతున్నా అంతే.

ఇక ఇంటి సంగతి. చాలాసార్లు వెక్కిరింత మొదలయ్యేది ఇంట్లోనే. అక్కో, మామయ్యో సరదాకి ఏదో అంటారు. ముందు వాళ్లని ఆపండి. "నాకూ నీ వయసులో ఇలాగే ఉండేదిరా" అని చెప్పగలిగే నాన్నలు చాలామందే ఉంటారు. మీవారిని అడిగి చూడండి. ఆ ఒక్క మాటతో పిల్లాడి బెంగ సగం తీరిపోతుంది.