ధర్మపురి చుట్టూ సైకిల్ తొవ్వలు

ధర్మపురికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొద్దున కారు దిగి, గోదావరిలో మునిగి, లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, ఆ ఆవరణలోనే ఉన్న యమధర్మరాజు గుడి గండదీపంలో నూనె పోసి, మధ్యాహ్నానికల్లా జగిత్యాల దాటేస్తారు. మొక్కు తీరింది, మనసు నిండింది. అందులో తప్పేమీ లేదు. అయితే గుడి చుట్టూ ఒక ఊరుంది, ఊరి చుట్టూ ఒక నీళ్ల సీమ ఉంది. ఎగువన శ్రీరాంసాగర్, అవతలి ఒడ్డున కడెం, దిగువన ఎల్లంపల్లి. ఈ మూడు జలాశయాల నడుమ ధర్మపురి ఉంది. కాలువలు, వాగులు, పొలాల గట్లు, అడవి అంచు, నదిని దాటించే వంతెనలు అన్నీ ఒక్క రోజు ప్రయాణంలోకి వస్తాయి. కారు అద్దంలోంచి ఇవి వెనక్కి జారిపోతాయి. సైకిల్ మీద వెళ్లేవాడికి మాత్రం ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ కాలు నేల మీద ఆనుతుంది.

ముందు ఊళ్లోనే మొదలుపెట్టండి. తెల్లవారుజామున ఐదున్నరకు గోదావరి రేవు వైపు బయలుదేరితే వీధులు మీవే. తూర్పుకు పోయే గోదావరి ఇక్కడ దక్షిణానికి తిరుగుతుంది. ధర్మపురి స్నానానికి ఇంత పేరు రావడానికి ఈ మలుపు కూడా ఒక కారణం. మెట్ల మీద పిండాలు పెట్టించేవాళ్లు, తలనీలాలు ఇచ్చినవాళ్లు, తడిబట్టలు ఆరేసుకునేవాళ్లు ఉంటారు. అక్కడ సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవడం మర్యాద. తర్వాత బ్రహ్మపుష్కరిణి చూడండి. ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాల్లో స్వామివారి తెప్పోత్సవం, డోలోత్సవం ఈ కోనేట్లోనే. నరసింహ శతకం రాసిన శేషప్ప కవిది ఈ ఊరే. చిన్నప్పుడు బళ్లో ఆ పద్యాలు వల్లెవేసినవాళ్లు ఈ వీధుల్లో తిరుగుతుంటే మకుటంలోని ఊరి పేరు దానంతటదే నోటికొస్తుంది. గుడి ముందు బజారులో పసుపు, కుంకుమ, గాజులు, ఇత్తడి సామాను, పిల్లల బొమ్మలు అమ్ముతారు. కొనాలనిపించినా తిరిగొచ్చాక కొనండి. పొద్దున్నే బరువెత్తుకుంటే ఎదురెక్కుడు దగ్గర తెలుస్తుంది.

ఒక్క పూటే వీలుంటే నేను చెప్పేది కోటిలింగాల తొవ్వ. ధర్మపురి నుంచి రాయపట్నం వైపు పెద్దరోడ్డు మీదే వెళ్లాలి. ఇది 63వ నంబరు జాతీయ రహదారి. నిజామాబాద్, జగిత్యాల మీదుగా వచ్చి గోదావరి దాటి మంచిర్యాల వైపు పోతుంది. లారీల రద్దీ ఎక్కువ, అందుకే తెల్లవారగానే ఈ ముక్క దాటేయాలి. రాయపట్నం దగ్గర వంతెన ఎక్కకుండా కరీంనగర్ వైపు తిరిగితే వెల్గటూరు వస్తుంది. అక్కడి నుంచి లోపలికి పోయే ఊరి తొవ్వ పెద్దవాగు గోదావరిలో కలిసే చోటికి, కోటిలింగాలకు, చేరుస్తుంది.

కోటిలింగాలలో కాసేపు ఆగాల్సిందే. ఇక్కడి మట్టిలో ఊరివాళ్లకు దొరికిన నాణేలే తెలంగాణ చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం తెరిచాయి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు వాటిని చదివారు. 1970ల చివర, 1980ల మొదట్లో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహన వంశానికి మొదటివాడైన సిముకుడి నాణేలు, అతనికంటే ముందు ఇక్కడ ఏలిన గోభద, నారన, కంవాయసిరి, సమగోపల నాణేలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ల కిందట ఇది కోట గోడ ఉన్న నగరం, వర్తకం నడిచిన చోటు. ఇప్పుడక్కడ నిలబడితే కోటేశ్వరుడి గుడి, దాని కింద కనుచూపు మేరా నీళ్లు. అది ఎల్లంపల్లి వెనుక జలం. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టులో ఇరవై టీఎంసీల నీళ్లు నిలిస్తే గోదావరి ఇక్కడ నదిలా కాదు, చెరువులా కనిపిస్తుంది. పడవలు తిరుగుతాయి, చేపల వలలు ఆరుతుంటాయి.

ఆ నీళ్లు అందంగా ఉన్నాయని ఫొటో తీసుకునే ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి. వాటి కింద పొలాలున్నాయి, ఇళ్లున్నాయి, ఇంకా తవ్వని చరిత్ర ఉంది. చెగ్యాం లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇక్కడ ఎవరితోనైనా పది నిమిషాలు మాట్లాడితే ముంపు సంగతి రాక మానదు. వినండి. ఈ యాత్రలో గుడి ఎంతో ఆ మాటలూ అంతే. గట్టు మీద పెంకుముక్కలు కనిపిస్తాయి. వాటిని చూడండి, జేబులో మాత్రం వేసుకోవద్దు.

రోజంతా తొక్కగలిగే ఓపిక ఉంటే గోదావరి రెండు ఒడ్లనూ చుట్టే తొవ్వ ఒకటుంది. నా దృష్టిలో ఉత్తర తెలంగాణలో సైకిల్‌కు ఇంతకంటే మంచి చుట్టు లేదు. ధర్మపురి నుంచి పడమరగా బీర్‌పూర్ వెళ్లండి. అక్కడి గుట్ట మీద కూడా నరసింహస్వామే, కింద రోళ్లవాగు చెరువు. అక్కడి నుంచి కమ్మునూరు దగ్గర గోదావరి వంతెన ఎక్కితే అవతల కలమడుగు. జగిత్యాల జిల్లా దాటి మంచిర్యాల జిల్లాలోకి, అంటే పాత కరీంనగర్ నుంచి పాత ఆదిలాబాద్‌లోకి వచ్చేసినట్టే. వంతెన కట్టకముందు ఈ రెండు ఒడ్ల చుట్టాలు ఒకరింటికి ఒకరు పోవాలంటే పడవ ఎక్కాలి, లేదంటే పెద్ద చుట్టు తిరగాలి.

కలమడుగు దాటాక జన్నారం. అక్కడి నుంచి నేల రంగు, గాలి వాసన మారిపోతాయి. ఎడమ పక్కన టేకు అడవి. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ ఇదే. కుడి పక్కన కడెం కాలువ కింద పచ్చటి వరి మళ్లు. అడవికీ పొలానికీ మధ్య రోడ్డు నడుస్తుంది. అటవీ శాఖ చెక్‌పోస్టు సిబ్బంది చెప్పిన మాట వినండి, అనుమతి లేకుండా అడవి లోపలి బాటల్లోకి సైకిల్ తిప్పవద్దు, పొద్దుగూకక ముందే ఈ ముక్క దాటండి. దండేపల్లి దాటి వస్తే గూడెం గుట్ట. సత్యనారాయణస్వామి వ్రతాలకు పేరుపడ్డ ఈ గుట్టను తెలంగాణ అన్నవరం అంటారు. కార్తీక మాసంలో జనం కిక్కిరిసిపోతారు. మామూలు రోజుల్లో మెట్లెక్కి కింద గోదావరిని తీరిగ్గా చూడవచ్చు. ఆ తర్వాత రాయపట్నం వంతెన దాటి మళ్లీ ధర్మపురి. పాత రాయపట్నం వంతెన ఎత్తు తక్కువ, వరదొస్తే మునిగేది, రెండు జిల్లాల రాకపోకలు ఆగిపోయేవి. పక్కన ఎత్తైన వంతెన వచ్చాక ఆ కష్టం తీరింది.

జగిత్యాల వైపు తొవ్వ గురించి ఎక్కువ చెప్పను, అది రహదారి. రైల్లో వచ్చేవాళ్లకు మాత్రం అదే దిక్కు. పెద్దపల్లి-నిజామాబాద్ లైన్‌లో జగిత్యాల స్టేషన్ ఉంది, ధర్మపురికి దాదాపు ముప్ఫై కిలోమీటర్లు. ఎక్కువ రైళ్లు కావాలంటే మంచిర్యాలలో దిగాలి. జగిత్యాల మీదుగా వస్తే ఊళ్లోని నక్షత్రాకారపు ఖిల్లా, పొలాసలో కాకతీయుల నాటి పౌలస్త్యేశ్వరాలయం, అక్కడే వరి వంగడాలకు పేరున్న వ్యవసాయ పరిశోధన స్థానం, తర్వాత నేరెళ్ల సాంబశివుడి గుట్ట వరసగా తగులుతాయి.

ఎప్పుడు రావాలంటే దీపావళి నుంచి శివరాత్రి దాకా. మే నెలలో ఈ ప్రాంతం 45 డిగ్రీలు దాటుతుంది. పొద్దున తొమ్మిది తర్వాత తారు రోడ్డు మీద సైకిల్ తొక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వానాకాలం అందమైనదే గానీ నదిని అడిగి బయలుదేరాలి. శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తారా, కడెం నిండిందా అన్న రెండు కబుర్లు తెలియకుండా రేవు దగ్గరికి పోవద్దు. 2022 జూలైలో కడెం ఆనకట్టే నిలుస్తుందా అని అందరూ ఊపిరి బిగబట్టిన రోజుల్లో ధర్మపురి నదీతీరమంతా నీట మునిగింది.

కాలువ గట్ల మీద తుమ్మముళ్లు ఎక్కువ. పంచర్ సామాను, ఒక అదనపు ట్యూబు, గాలి పంపు లేకుండా కదలవద్దు. పల్లెల్లో పంచర్ షాపులు బైకులకే ఉంటాయి, సన్నటి గేరు సైకిల్ టైరుకు సరిపడే ట్యూబు దొరకదు. మామూలు వెడల్పు టైర్లున్న సైకిలే ఇక్కడ మేలు. కోతల కాలంలో రోడ్డు సగం వడ్ల కుప్పలే. వాటి మీదుగా తొక్కకండి. రైతు ఆరు నెలల చెమట అది. వడ్లు ఆరబోసే రోజుల్లో చీకటి పడ్డాక ప్రయాణం అసలే వద్దు, కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు కనబడవు. తొవ్వ తెలియకపోతే ఫోన్ చూడటం కంటే మనిషిని అడగడం మంచిది. “అన్నా, కమ్మునూరు తొవ్వ ఏది?” అంటే చెయ్యి చూపించి ఊరుకోరు, ఎక్కడ గుంతలున్నాయో, ఏ వాగు మీద నీళ్లు పారుతున్నాయో కూడా చెప్తారు. ఆకలికి రోడ్డు పక్కన కాల్చిన మక్క కంకులు, ఊళ్లల్లో అంబలి, దొరికితే సర్వపిండి.

2027లో గోదావరి పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. 2015 జూలైలో ఇక్కడికి జనం పోటెత్తినప్పుడు జగిత్యాల తొవ్వలో వాహనాలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయి, ముసలివాళ్లు, పిల్లలు కార్లలోనే గంటలు గడిపారు. ఈసారి రోడ్లు వెడల్పు చేయడంతో పాటు మూడు పనులు జరగాలని కోరుతున్నాను. ఊరికి నాలుగైదు కిలోమీటర్ల ముందే వాహనాలు నిలిపే చోట కిరాయి సైకిళ్లు పెట్టాలి. రాయపట్నం వంతెన నుంచి రేవు దాకా సైకిళ్లకు, నడిచేవాళ్లకు వేరే దారి ఉండాలి. కోటిలింగాలలో ఆ నాణేల కథ చెప్పే చిన్న ప్రదర్శనశాల కట్టాలి. పుష్కరాలు పన్నెండు రోజుల్లో ముగుస్తాయి. ఈ మూడూ ఉంటే ఆ తర్వాత కూడా చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు బడికి, కాలేజీకి అదే దారిలో సైకిల్ మీద భయం లేకుండా పోతారు.