రోజూ మోగే గంట ఎందుకు వినపడదు?

మాది లేపాక్షి. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నరాల పాఠం ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు. అది నాకే సరిగ్గా అర్థమైంది మాత్రం మా అత్తమ్మ మంచాన పడ్డాకే.

తుంటి ఎముక విరిగి ఆవిడ లేవలేకపోయేది. పిలిస్తే వినపడదేమోనని పూజగదిలోని చిన్న ఇత్తడి గంట చేతికిచ్చాను. మొదటి రాత్రి టింగుమనగానే ఉలిక్కిపడి లేచాను. కొన్నాళ్లకు నాలుగైదుసార్లు కొడితేగానీ కదిలేదాన్ని కాదు. ఒక రాత్రి ఆవిడ కొడుతూనే ఉందట. పక్క గదిలోనే ఉన్నాను, నిద్ర కూడా పట్టలేదు, చెప్పొద్దూ! అయినా వినపడలేదు. నీళ్లచెంబు తనే అందుకోబోయి మంచం మీంచి జారింది. అదృష్టం, పెద్ద దెబ్బ తగల్లేదు. "పోనీలే అమ్మీ, రోజూ మోగేదే కదా" అంది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

తప్పించుకోడానికి కాదుగానీ, అటక మీది పుస్తకాలు దించాను. ఒక నరకణం నుంచి ఇంకోదానికి కబురు వెళ్లే చోట సన్నటి సందు ఉంటుంది. అదే సినాప్స్. ఇవతలి కొసన చిన్నచిన్న తిత్తుల్లో రసాయనం నిలవ ఉంటుంది. విద్యుత్తు రూపంలో కబురు రాగానే కాల్షియం లోపలికి వస్తుంది, కొన్ని తిత్తులు తెరుచుకుంటాయి, రసాయనం సందులోకి ఒలుకుతుంది.

మన సీమ బోర్లు ఎలా పోస్తాయో మీకు చెప్పాలా? మోటారు వేయగానే ధార బలంగా వస్తుంది. ఆపకుండా తోడితే సన్నబడుతుంది. కాసేపు కట్టేస్తే మళ్లీ ఊరుతుంది. సినాప్సులు చాలావరకు ఇంతే. ఒకే కబురు వెంటవెంటనే వస్తుంటే సిద్ధంగా ఉన్న తిత్తులు తరిగిపోయి అవతలికి చేరేది తగ్గుతుంది. కొద్ది సెకన్లు తెరిపి దొరికితే తేరుకుంటాయి. ఇంకొన్ని మాత్రం చేతి బోరింగు తీరు. మొదటి దెబ్బలకు నీళ్లు రావు, కొట్టేకొద్దీ వస్తాయి. ముందటి కబురు తాలూకు కాల్షియం కొంత మిగిలుండగానే మరోటి వస్తే రసాయనం ఎక్కువ ఒలుకుతుందన్నమాట.

ఈ హెచ్చుతగ్గులు లోపం కాదట. ఎలుక మెదడులోని సినాప్సులను పరిశీలించి త్సోడిక్స్, మార్క్రమ్ అనే ఇద్దరు 1997లో చెప్పిందేమంటే, అలిసిపోయే సినాప్స్ ఒకే తీరున సాగేదాన్ని తగ్గించి, మార్పు వచ్చినప్పుడు గట్టిగా చెబుతుంది. గ్రైండరు తిరుగుతున్నంతసేపూ పట్టించుకోం, ఆగగానే తల తిప్పుతాం కదా! మా గుడి గంటకు వేలాడే స్తంభం చూడ్డానికొచ్చిన వాళ్లు తల తిప్పుతారు, మేం తిప్పం.

అలాగని నా మొద్దునిద్ర నేరమంతా తిత్తుల మీదికి నెట్టలేను. రోజుల తరబడి పడే అలవాటుకు ఇంకా నిదానంగా వచ్చే మార్పులూ తోడవుతాయి.

అన్నట్టు, అష్టావధానంలోనూ గంట ఉంటుంది. మధ్యమధ్యలో మోగిస్తుంటారు, అవధాని పద్యాలు చెబుతూనే ఎన్నిసార్లు మోగిందో లెక్క పెట్టుకోవాలి. ఆ లెక్క అంతసేపూ ఎక్కడుంటుంది? బోరింగు తరహా సినాప్సుల్లో మిగిలిన కాల్షియమే ఇలాంటివాటిని కొద్ది క్షణాలు పట్టి ఉంచుతుందేమోనని 2008లో ఒక సిద్ధాంతం వచ్చింది. త్సోడిక్స్ అందులోనూ ఉన్నాడు. రుజువులు ఇంకా వెతుకుతున్నారు.

నాకు పనికొచ్చింది మాత్రం నత్త. ఎరిక్ కాండెల్ అప్లీసియా అనే సముద్రపు నత్తను పరిశోధించాడు, 2000లో నోబెల్ అందుకున్నాడు. నత్తను ఒకేచోట మెల్లగా తాకుతూ ఉంటే మొప్పను ముడుచుకోవడం తగ్గిస్తుంది. కారణం, నరాల కొసన రసాయనం తక్కువ ఒలకడమే. తోక మీద చురుక్కుమనిపిస్తే మళ్లీ మొదటిలా ముడుచుకుంటుంది.

గంట తీసేశాను. ఒక రాత్రి స్టీలు గ్లాసు మీద చెంచా, ఒక రాత్రి మనవడి ఈల, ఇంకో రాత్రి గిలక్కాయ. రోజు విడిచి రోజు కాపలా మా ఆయనకు అప్పజెప్పాను. అది ముందే చేయాల్సిన పని.

దీపం తగ్గించేముందు అత్తమ్మ అడిగేది, "ఈ పొద్దు ఏం వాయించాల అమ్మీ?"